నెలన్నరకు ఇల్లు కావాలంటే

(మన సంఘం సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ శాఖల ఉమ్మడి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఎ. బకాయిల గురించి పెద్దలు వివరంగా చెప్పినారు. నాకు అప్పగించిన విషయం అంతకన్న చిన్నది. వైద్యం కోసం హైదరాబాదులో నెలో రెండు నెలలో ఉండవలసి వస్తే, మన పెన్షన్‌లో ఇమిడే కిరాయి ఇల్లు ఎట్లా సంపాదించుకోవాలి అన్నది.

2016లో జిల్లాలు విడిపోయి సూర్యాపేట, కోదాడ ఒకవైపు అయినవి, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. అయినా జబ్బు పెద్దదైతే అందరం ఎక్కేది హైదరాబాదు బస్సే. రేడియేషన్ చికిత్స సాధారణంగా వారానికి అయిదు రోజుల చొప్పున కొన్ని వారాలు సాగుతుంది. మిషను మీద ఉండేది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాల కోసం కోదాడ నుంచి పోనురాను దాదాపు 350 కిలోమీటర్లు రోజూ తిరగడం రోగి వల్ల అయ్యే పని కాదు. మా ఇంటావిడకు ఈ చికిత్స జరిగినప్పుడు మేము నగరంలో నెలన్నర ఉన్నాము. కొడుకులు, బిడ్డలు అక్కడే ఉన్నారు కదా అంటారు. ఉన్నారు. రెండు గదుల ఫ్లాటు, పరీక్షలకు చదివే పిల్లలు, పొద్దున్నే ఆఫీసుకు పోయే కోడలు. వాళ్ళు వద్దనరు, మనమే సర్దుకోలేము.

ముందు లెక్క చూద్దాం. మన బ్రతుకంతా లెక్కలతోనే గడిచింది కాబట్టి ఇది మనకు కష్టం కాదు. ఆసుపత్రి పక్కన రోజు కిరాయి గది వెయ్యి రూపాయలు అనుకోండి. 45 రోజులకు 45,000. చిన్న పోర్షన్ నెలకు 10,000 అనుకోండి. రెండు నెలలకు 20,000. సగానికి సగం మిగిలినట్టే కనబడుతుంది. కాని బ్రోకరు ఒక నెల కిరాయి అడుగుతాడు. ఖాళీ చేసేటప్పుడు రంగులు వేయించాలని ఓనరు అడ్వాన్సులో ఇంకొక నెల పట్టుకొంటాడు. అక్కడికి 40,000 అయింది. అయిదారేండ్లు ఉండేవాడికి ఈ పద్ధతులు బరువు కావు. నెలన్నర ఉండేవాడికి ఇవే అసలు కిరాయి అంత అవుతాయి. అందుచేత బేరం చేయవలసింది కిరాయి మీద కాదు, ఈ రెండింటి మీద. అవసరమైతే కిరాయి ఒక వెయ్యి ఎక్కువ ఇచ్చి, రంగుల ఖర్చు లేదని కాగితం మీద వ్రాయించుకోండి. గోడకు మేకు కూడా కొట్టని వాళ్ళం, రంగు ఎందుకు?

పదకొండు నెలల అగ్రిమెంటు ఎందుకు వ్రాస్తారో మనలో కొందరికి తెలుసు. రిజిస్ట్రేషన్ తప్పించుకోవడానికని ఏడాదికి లోపల పదకొండు వ్రాయడం అలవాటు. మనకు పదకొండు కూడా అక్కరలేదు. వేరే ఒప్పందం లేని చోట, నెలవారీ కిరాయికి పదిహేను రోజుల నోటీసు చాలునని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతున్నది. కాని అచ్చు ఫారంలో "రెండు నెలల నోటీసు" అని ముందే ఉంటుంది, చూడకుండా సంతకం చేస్తే అదే ఒప్పందం అవుతుంది. ఆ వాక్యం కొట్టివేయించి పక్కన ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఖాళీ చేసే తేదీ, అడ్వాన్సు తిరిగి ఇచ్చే తేదీ రెండూ ఉండాలి. దిగిన రోజు కరెంటు మీటరు రీడింగు కూడా వ్రాసుకోండి. ఆధార్ నకలు ఇచ్చేటప్పుడు దాని మీద "కిరాయి నిమిత్తం" అని తేదీ వేయండి. ఫోనులో ఫోటోలు పంపి, ఇల్లు చూపకముందే టోకెన్ డబ్బు పంపమనే వాడితో మాట్లాడనే వద్దు, వాడు ఎంత పెద్ద ఉద్యోగం పేరు చెప్పినా సరే.

ఇక ఎక్కడ వెదకాలి? ఆసుపత్రి గోడ పక్కనే అక్కరలేదు. కోదాడ, సూర్యాపేట బస్సులు ఎల్.బి.నగర్ మీదుగానే పోతాయి. నార్కట్‌పల్లి దారిన వచ్చే మిర్యాలగూడ బస్సులూ అంతే. 2018 సెప్టెంబరు నుంచి ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కితే మారకుండా లక్డీకాపూల్, పంజాగుట్ట దాకా పోవచ్చును. రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి లక్డీకాపూల్, నిమ్స్‌కు పంజాగుట్ట దగ్గర. కాబట్టి కొత్తపేట, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో, మెట్రో స్టేషనుకు రోగి నడవగలిగినంత దూరంలో చూడండి. మన జిల్లా వాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు, బ్రోకరు అవసరం పడకపోవచ్చును. కింది అంతస్తు గాని, లిఫ్టు గాని ఉండాలి. కమోడు ఉందో లేదో తలుపు తీసి చూడండి, అడిగితే అందరూ ఉందనే అంటారు. వంటకు అయిదు కిలోల చిన్న సిలిండరు గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు. వంటగది విలాసం కాదు. చికిత్స నడిచినన్నాళ్ళు మా ఆవిడకు మెత్తటి అన్నం, చారు తప్ప మరొకటి దిగలేదు, అది హోటలులో దొరకదు.

ఒక్క మాట చెప్పక తప్పదు. ఒక ఇంటి ఓనరు కిరాయి, అడ్వాన్సు అన్నీ మాట్లాడి తాళంచెవి చేతిలో పెట్టబోతూ, జబ్బు ఏమిటని అడిగి, పేరు వినగానే చెయ్యి వెనక్కు తీసుకొన్నాడు. మా ఆవిడ గేటు దగ్గర నిలబడి అంతా వింటున్నది. అది అంటుకొనే రోగం కాదని చెప్పినాను, వినలేదు. తరువాతి ఇంట్లో నేను జబ్బు పేరు ఎత్తలేదు, ఆమెయే ముందు చెప్పింది. ఆ ఇంటి పెద్దావిడ, "మా చెల్లెలికీ అయింది, పదేండ్లయింది, బాగనే ఉన్నది, లోపలికి రా అమ్మా" అన్నది. దాచి దిగితే నెలన్నరా బిక్కుబిక్కుమంటూ ఉండాలి. చెప్పి దిగడమే మేలని నా అభిప్రాయం.

మనవి ఒకటే. మన సభ్యుల్లో, వాళ్ళ పిల్లల్లో నగరంలో పోర్షన్లు ఉన్నవాళ్ళు ఉన్నారు. మూడు శాఖల్లోనూ ఒక్కొక్క రిజిస్టరు పెట్టి, ఏ ప్రాంతం, ఏ అంతస్తు, ఎన్ని నెలలకు ఇవ్వగలరు, రోగి ఉంటే అభ్యంతరమా అన్న నాలుగు కాలములు గీస్తే చాలును. సూర్యాపేట రిజిస్టరుకు నిన్న రాత్రి గీతలు నేనే కొట్టినాను. కార్యదర్శిగారి బల్ల మీద ఉన్నది. భోజనానికి లేచే ముందు చూడండి. సెలవు.