చౌక బండి – ఇంటి సంరక్షణ

ఇసుకలోను, బురదలోను నడచు నాలుగు చక్రముల చౌక బండిని కొన్నవారు మొదట కోరునది వేగము. మేము మనవి చేయునది వేరు.

దుమ్ములో తిరిగిన నాడే, గాలిని వడకట్టు స్పంజిని సబ్బునీట కడిగి, ఆరబెట్టి, తగిన నూనె పట్టింపవలెను. స్పంజి చిరిగినచో దుమ్ము లోనికి పోయి సిలిండరును అరగదీయును.

టైర్లలో గాలి తక్కువగా నుండవలెను; పెక్కు బండ్లకు చదరపంగుళమునకు 3 మొదలు 5 పౌన్లు చాలును. కారు గేజి ఇంత తక్కువను సరిగా చూపదు.

ఇక మార్పుల మాట. పిల్లల బండ్లలో చాలవాటికి థ్రాటిల్ వద్ద వేగమును అదుపుచేయు మరమేకు ఉండును. దానిని వదులుచేయుట మెరుగుదల కాదు. ప్రమాదముల మూలమున 1988లో అమెరికాలో క్రొత్త మూడు చక్రముల బండ్ల అమ్మకమే నిలిచిపోయినది. నాలుగు చక్రములవియు బోల్తాపడును.

చేతిలో సొమ్మున్నచో ముందు బ్రేకులు బాగుచేయింపుడు. పిల్లవానికి శిరస్త్రాణము కొనుడు. వేగము ఆ పిదప.