ఆవిడకేం, హాయిగా ఉంది!

డిమెన్షియా అంటే ఏమిటో చెప్పను; మీలో చాలామంది ఇంట్లో చూస్తూనే ఉంటారు. నా గొడవ వేరు. "మా అమ్మకేం డాక్టర్ గారూ, ఏదీ గుర్తుండదు, ఇక దిగులేముంటుంది?" అంటారు. వింటే ఒళ్ళు మండుతుంది. మర్చిపోయేది జరిగిన సంగతిని. దాని తాలూకు దిగులు లోపలే ఉంటుంది.

ఒక పెద్దావిడని కొడుకు తీసుకొచ్చాడు. "ఎలా ఉన్నారమ్మా?" అంటే "బాగున్నా నాయనా, భోంచేశావా?" అంది. వృద్ధుల దిగులు కొలిచే పదిహేను ప్రశ్నల కాగితం తీశాను. అవును, కాదు అని చకచకా చెప్పేసింది. వచ్చింది సున్నా! చూశారా అన్నట్టు నవ్వాడు కొడుకు. కోడలు గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. పిలిచి అడిగాను. పెరుగన్నం రెండు ముద్దలు తిని కంచం నెట్టేస్తుందట. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటుందట. మనవరాలు మీద పడి ఆడినా నవ్వదట. దీపాలు పెట్టే వేళయితే వీధి తలుపు గడియ తీయడం, వేయడం, "ఆయనింకా రాలేదేమే?" అనడం. ఆయన పోయి తొమ్మిదేళ్ళు! అప్పుడు చూశాను ఆవిడ చేతులు. కొంగు చివర మడతపెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ మడతపెడుతోంది. తల వంచుకుని కాగితం నింపుతున్నవాణ్ణి, నాకేం కనిపిస్తుంది?

అందుకే డిమెన్షియాలో దిగులు కొలిచే కార్నెల్ స్కేలంటే నాకు మోజు. 1988లో అలెక్సోపౌలస్ బృందం తయారుచేసింది. 19 అంశాలు, ఒక్కోదానికి 0 నుంచి 2. ముందు ఇంటివాళ్ళని అడగాలి, తర్వాత రోగిని. రెండూ పొసగకపోతే మళ్ళీ ఇంటివాళ్ళని. 10 దాటితే గట్టిగా అనుమానించాలి. ముందు వరుసలో రాసుకుంటున్నారే, ఇంటికెళ్ళి మార్కులు వేయకండి బాబూ! పన్నునొప్పితో అన్నం మానేస్తే దానికి మార్కు లేదు. ముందు పన్ను చూపించాలి.

టైమైందంటున్నారు. ఆందోళనకి వేరే కొలత ఉంది, రెయిడ్ అని, 1999 నాటిది. 18 అంశాలు, 11 వస్తే పట్టించుకోవాలి. ఏడుపూ, దిగులూ లేకుండా ఊరికే దేనిమీదా ఆసక్తి లేకపోవడం మరో సంగతి, రెంటినీ కలపకండి. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి తికమకపడి మారిపోతే ఈ కాగితాలేవీ వద్దు, ఆసుపత్రికి పరుగెత్తండి. మూత్రంలో ఇన్ఫెక్షనై ఉండొచ్చు. "ఏదో ఒక మాత్ర రాయండి" అంటారా? 2011లో వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో డిమెన్షియాతోపాటు దిగులున్నవాళ్ళకి సెర్ట్రలిన్, మిర్టజపిన్ అనే దిగులు మందులు ఇచ్చి చూస్తే ఉత్తుత్తి మాత్రని మించి పనిచేయలేదు.

వచ్చేటప్పుడు ఫైలు మరిచినా ఫర్వాలేదు గానీ, రోజూ అన్నం పెట్టే మనిషిని వెంటబెట్టుకు రండి. గుమ్మం దగ్గర నిలబెట్టకండి.