పంపుగదిలో కార్మికుని మాట

(ద్రవ ఇంధన రంగమునందలి పంపు ఆపరేటర్లు, ఫిట్టర్ల శిక్షణ తరగతిలో మా సమాఖ్య పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



వేతన సవరణను గూర్చియు బోనసును గూర్చియు మాట్లాడుటకు అలవాటుపడిన మన వేదికపై నేడు పంపు సీలును గూర్చి మాట్లాడబోవుచున్నాము. ఇది ఇంజనీర్ల వ్యవహారమని కొందరికి తోచవచ్చును. మేము అట్లు తలచుట లేదు. పంపు ఎట్టిది కావలెనో నిర్ణయించువాడు కొనుగోలు శాఖలో కూర్చొని యుండును. దాని ప్రక్కన ఎనిమిది గంటలు నిలబడువాడు మనవాడు. కావున ఏ ద్రవమునకు ఏ పంపు, ఏ సీలు అను ప్రశ్న కార్మిక సంఘపు ప్రశ్నయే. పంపులో పారు ద్రవము మారినచో పని పరిస్థితి మారినట్లే. ఈ సంగతిని యాజమాన్యములచేత ఒప్పించవలసి యున్నది.

ఇటీవలి సంవత్సరములలో ద్రవములు నిజముగనే మారుచున్నవి. 2009 నాటి జాతీయ జీవ ఇంధన విధానము 2017 నాటికి 20 శాతము మిశ్రమమును లక్ష్యముగా పెట్టుకొన్నది. జట్రోఫా మొక్కను గూర్చి ఆ రోజులలో ఎంత ప్రచారము జరిగినదో మీకు జ్ఞాపకముండును. ప్రచారము పండినంతగా గింజలు పండలేదు. 2018లో మరియొక విధానము వచ్చినది. అది డీజిలులో 5 శాతము బయోడీజిలును 2030 నాటికి కలుపవలెనని చెప్పుచున్నది. ఆ గమ్యము ఇంకను చాల దూరములో నున్నది. పెట్రోలులో ఇథనాలు సంగతి వేరు. 20 శాతము గడువును 2030 నుండి ముందునకు జరిపి, 2025లో ఆ స్థాయిని చేరినారు. ఒకప్పుడు పెట్రోలు, కిరోసిను, డీజిలు మాత్రమే ఎరిగిన డిపోలలోనికి నేడు ఇథనాలు టాంకర్లు వచ్చుచున్నవి. కాకినాడ వంటి రేవు పట్టణములలో తాటినూనె, వాడిన వంటనూనె, జంతువుల కొవ్వు బయోడీజిలుగా మారుచున్నవి. ద్రవము కొత్తది. మరి పంపో? పెక్కుచోట్ల అదే పాత పంపు, అదే పాత గ్యాస్కెట్టు.

పంపు కట్టుబాటు మీకు తెలిసినదే. కేసింగు లోపల ఇంపెల్లరు, దానిని త్రిప్పు షాఫ్టు, బయట మోటారు. షాఫ్టు కేసింగు నుండి వెలుపలికి వచ్చుచోట ఒక సందు తప్పదు. ఆ సందును మూయుటయే సీలు పని. పాత పద్ధతిలో గ్రీసు పట్టించిన తాడువంటి ప్యాకింగును గ్లాండులో బిగించెదరు. దానినుండి చుక్కచుక్కగా కారుట లోపము కాదు. ఆ చుక్కలే ప్యాకింగును చల్లబరచును. పూర్తిగా బిగించినచో షాఫ్టు కాలి అరిగిపోవును. నీటి పంపులకు ఇది చక్కగా సరిపోవును. పొలములో బోరింగు మోటారువద్ద నాలుగు చుక్కలు కారిన ఎవరికి నష్టము? కాని ఆ కారుచున్నది మిథనాలు అయినప్పుడు ఆ చుక్కలే ప్రాణాంతకములు.

బయోడీజిలు తయారీలో మిథనాలు లేనిదే పని జరుగదు. నూనెను మిథనాలుతో కలిపి, సోడియం మిథాక్సైడు వంటి క్షారమును ఉత్ప్రేరకముగా చేర్చి వేడిచేసినప్పుడు బయోడీజిలు పైకి తేలును, గ్లిసరిను అడుగున చేరును. చర్య త్వరగా పూర్తియగుటకై అవసరమైన దానికంటె ఎక్కువ మిథనాలు పోసి, మిగిలినదానిని ఆవిరిచేసి తిరిగి పట్టుకొందురు. అనగా ఒకే కర్మాగారములో మిథనాలు పలుమార్లు పంపులగుండా పోవుచుండును. ఇది సుమారు 11 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే మంట పట్టగల ఆవిరినిచ్చును. మన కోస్తాలో పుష్యమాసపు తెల్లవారుజామున కూడ అంత చలి అరుదు. గాలిలో 6 శాతము మొదలు 36 శాతము వరకు ఆవిరి ఉన్నచో నిప్పురవ్వకు అంటుకొనును. దాని మంట పగటి వెలుతురులో దాదాపుగా కంటికి కనబడదు. పొగ లేదు, ఎర్రని జ్వాల లేదు. మంటలోనికి చేయి పోయిన తరువాత గాని తెలియదు. కల్తీసారా త్రాగినవారి కన్నులను, ప్రాణములను తీయునది ఈ మిథనాలే. త్రాగవలసిన పనియు లేదు. చర్మముగుండా కూడ శరీరములోనికి పోవును. చేతి తొడుగులు లేకుండ సీలు మార్చు ఫిట్టరు రోజుకింత చొప్పున దానిని లోనికి తీసికొనుచున్నాడు.

ఇట్టి ద్రవమునకు గ్లాండు ప్యాకింగు పంపు పనికిరాదు. మెకానికల్ సీలు, అందులోను రెండు సీళ్ళ మధ్య వేరొక ద్రవము నింపిన జంట సీలు కావలెను. లేదా అయస్కాంతపు కప్లింగుతో తిరుగు, షాఫ్టు వెలుపలికి రానట్టి పంపు కావలెను. వీని ఖరీదు ఎక్కువ. యాజమాన్యము నోట మొదట వచ్చు సమాధానము అదే. అయితే వీనికి గల బలహీనతను కూడ మనము తెలిసికొనవలెను. ద్రవము లేకుండ ఉత్తగా తిరిగినచో మెకానికల్ సీలు ముఖములు కొద్దిసేపటిలోనే వేడెక్కి పగులును. అయస్కాంతపు పంపు లోపలి బేరింగులు చెడును. మంచి పంపు కొన్నంతమాత్రమున చాలదు, అది ఉత్తగా తిరుగుచున్నప్పుడు తనంతట ఆగు ఏర్పాటు ఉండవలెను.

ఇచ్చట ఆపరేటరు చెవిని గూర్చి ఒక మాట. వేసవిలో టాంకు అడుగంటి, సక్షను వైపు ఒత్తిడి తగ్గినప్పుడు తేలికగా ఆవిరియగు ద్రవము పంపు నోటివద్దనే మరిగి బుడగలు కట్టును. ఆ బుడగలు ఇంపెల్లరుమీద పగులునప్పుడు కేసింగులో గులకరాళ్ళు దొర్లినట్లు చప్పుడగును. గేజీ చూపకముందే ఆపరేటరుకు అది వినబడును. వినబడినను పంపును ఆపు అధికారము అతనికి లేకపోవుటయే అసలు సమస్య. కాంట్రాక్టు కార్మికుడైతే మరీ కష్టము. ఆపినచో లోడు ఆలస్యమగును. ఆలస్యమైనచో మరునాడు అతనికి గేటు పాసు ఉండదు.

ఇక తయారైన బయోడీజిలు. ఇది నిరపాయమైనదని ప్రచారము. కొంతవరకు నిజమే, శుద్ధిచేసిన బయోడీజిలు 100 డిగ్రీలు దాటిన గాని మంట పట్టగల ఆవిరినీయదు. కాని మిథనాలును సరిగా తొలగింపక కొంత మిగిలిపోయినచో ఈ మాట చెల్లదు. మరియు బయోడీజిలు మంచి ద్రావకము. సహజ రబ్బరును, సాధారణ నైట్రైల్ రబ్బరును అది ఉబ్బించి మెత్తబరచును. డీజిలుకు ఏండ్ల తరబడి పనిచేసిన గొట్టము, ఓ-రింగు కొద్దినెలలలో చెడిపోవచ్చును. వైటాను వంటి ఫ్లోరో రబ్బరు దీనికి నిలుచును. రాగి, ఇత్తడి, తుత్తునాగము తగిలినచో బయోడీజిలు త్వరగా పాడై జిగురు కట్టును. అయినను ఇత్తడి వాల్వులు బిగించిన లైనులు ఇప్పటికిని ఉన్నవి. పాత డీజిలు టాంకులో పోసినచో గోడలకు పట్టిన మడ్డినంతయు ఊడదీసి ఫిల్టర్లలో చేర్చును. ఫిల్టరు మూసికొనినప్పుడు దానిని విప్పవలసినవాడు మరల మన ఫిట్టరే. ఫిల్టరు తుడిచిన గుడ్డలను మూలను కుప్పగా వేయరాదు. నూనె గాలితో కలసి తనకు తానే వేడెక్కి ఆ కుప్ప అంటుకొనగలదు. మూతగల ఇనుప డబ్బాలో వేసి ఏనాటివి ఆనాడే తీసివేయవలెను. డబ్బా ఖరీదును గూర్చి ఎవరును వాదించరని ఆశింతుము.

చిక్కని గ్లిసరినుకు గేరు పంపు వాడుదురు. గేరు పంపు ముందు వాల్వు మూసియున్నను అది త్రోయుచునే యుండును. రిలీఫ్ వాల్వు లేనిచో గొట్టము గాని ఫ్లేంజి గాని పగులును. ఇథనాలు విషయములో ఇంకొకటి. సాధారణ అగ్నిమాపక నురుగును ఆల్కహాలు విరిచివేయును. దానిని తట్టుకొను ప్రత్యేకపు నురుగు ఉండవలెను. ఇథనాలు వచ్చు డిపోలలో డ్రమ్ములపై ఏమి వ్రాసియున్నదో ఈ వారమే చదివి చూడుడు.

సోదరులారా, సీలు గాని వాల్వు గాని చిన్న విషయము కాదనుటకు జైపూరు ఉదంతము చాలును. 2009 అక్టోబరు 29 సాయంకాలము సీతాపుర పారిశ్రామిక ప్రాంతమునందలి ఇండియన్ ఆయిల్ డిపోలో, ప్రక్కనున్న మరియొక చమురు సంస్థ డిపోకు పెట్రోలు పంపుటకు లైను సిద్ధము చేయుచుండిరి. ఆ లైనులో హామర్ బ్లైండు అను వాల్వు ఉండెను. దాని పలకను మార్చునప్పుడు పైభాగము గాలికి తెరచియుండును. ఆ క్షణమున టాంకు వైపు వాల్వు మూసియుండవలెను. ఆనాడు అది తెరచియున్నది. పెట్రోలు ఫౌంటెనువలె ఎగసినది. అచ్చట నున్న ఆపరేటరు ఆవిరికి స్పృహ తప్పెను. అతనిని కాపాడబోయినవాడును పడిపోయెను. ఆ షిఫ్టులో ఉండవలసిన నలుగురిలో ఒకరు లేరు. దూరమునుండి వాల్వును మూయు ఏర్పాటు పనిచేయు స్థితిలో లేదు. సుమారు గంటంబావు సేపు పెట్రోలు కారుచునే యుండెను. ఆవిరి డిపో అంతటను కమ్ముకొని, రాత్రి ఏడున్నర ప్రాంతమున ప్రేలినది. 11 మంది చనిపోయిరి. వారిలో డిపోకు సంబంధములేని ఇరుగుపొరుగువారును కలరు. మంటలు పది రోజులకు పైగా మండెను.

ఎం.బి. లాల్ అధ్యక్షతన విచారణ జరిపిన కమిటీ, టాంకు మొదటి వాల్వును దూరమునుండి మూయగల ఏర్పాటు ఉండవలెననియు, హామర్ బ్లైండులను తొలగింపవలెననియు చెప్పినది. ఆపరేటర్లు వరుసక్రమము తప్పిరని కూడ విచారణలో తేలినది. దానిని మేము కాదనుట లేదు. కాని ఒక మనిషి తప్పు చేసినప్పుడు గంటంబావు సేపు దానిని సరిదిద్దగల మనిషిగాని యంత్రముగాని లేకపోవుట ఎవరి తప్పు? షిఫ్టులో మనుషులను తగ్గించి, చెడిన వాల్వును బాగుచేయక, చివరకు చనిపోయినవానిపై నింద మోపుట మనకు కొత్త కాదు. విశాఖపట్టణములో 1997 సెప్టెంబరు 14న రిఫైనరీలో గ్యాసు వెలువడి యాభైమందికి పైగా మరణించినప్పుడును ప్రాణములు పోయినవారిలో కార్మికులు కలరు.

చట్టము మాటేమి? 1984 భోపాల్ దుర్ఘటన పిమ్మట 1987లో ఫ్యాక్టరీల చట్టమునకు ప్రమాదకర ప్రక్రియల అధ్యాయము చేర్చబడినది. భద్రతా కమిటీలో యాజమాన్యముతో సమానముగా కార్మిక ప్రతినిధులు, ఆసన్న ప్రమాదమును గూర్చి హెచ్చరించు హక్కు అందు లభించినవి. 2025 నవంబరు 21 నుండి ఆ చట్టము స్థానమున 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ అమలులోనికి వచ్చినది. హెచ్చరించు హక్కు అందులోను ఉన్నది. కాని భద్రతా కమిటీ ఏర్పాటును ప్రభుత్వ ఉత్తర్వుపై ఆధారపడునట్లు చేసిరి. విద్యుత్తు వాడు ఫ్యాక్టరీ అనిపించుకొనుటకు పదిమంది కార్మికులు చాలునను పాత నియమమును ఇరువదికి పెంచిరి. పన్నెండుమందితో నడచు బయోడీజిలు యూనిటులో మిథనాలు తక్కువ మండునా?

కావున చట్టము ఇచ్చునంతవరకు ఆగక, ఒప్పందములలోనే వ్రాయించుకొందము. ద్రవము మార్చుటకు ముందు పంపు, సీలు, గొట్టము, నురుగు ఆ ద్రవమునకు సరిపోవునని వ్రాతపూర్వకముగా కార్మికులకు తెలుపవలెను. మరమ్మతుకు ముందు లైను మూసి, మోటారు ఫ్యూజులు తీసి, తాళము వేసి, తాళపుచెవి ఫిట్టరు చేతికే ఇయ్యవలెను. పంపును ఆపినందుకు ఆపరేటరుకు గాని, కాంట్రాక్టు కార్మికునకు గాని శిక్ష ఉండరాదు. అన్నిటికంటె కష్టముగా సాధింపవలసినది ఈ చివరిదే.

మీ శాఖలకు మరలిన పిమ్మట ఒక నోటు పుస్తకము తీసికొని ప్రతి పంపు వద్దకు పోవుడు. పంపు నంబరు, ఇప్పుడు పారుచున్న ద్రవము, అది మొదట ఏ ద్రవమునకు కొనబడినది, సీలు రకము, చివరిసారి మార్చిన తేదీ, టాంకు వాల్వును ఎచ్చటనుండి మూయగలరు, ఆ ఏర్పాటు పనిచేయుచున్నదా లేదా వ్రాసికొనుడు. తెలియనిచోట తెలియదనియే వ్రాయుడు. ఆ ఖాళీలను నింపవలసినది యాజమాన్యము. ఆ జాబితాలను సమాఖ్య కార్యాలయమునకు పంపినచో తదుపరి చర్చలలో వానిని బల్లమీద పెట్టెదము.