ట్రినిడాడ్ తారు సరస్సు

కరీబియన్ దీవులనగానే మనకు చెరకు తోటలును, క్రికెట్ ఆటగాండ్రును జ్ఞప్తికి వత్తురు. కాని ట్రినిడాడ్ దీవి నైరుతి భాగమున, లా బ్రియా అను చోట, నీటికి మారుగా తారు నిండిన సరస్సొకటి కలదు. వైశాల్యము సుమారు 100 ఎకరములు. 1595లో సర్ వాల్టర్ రాలీ తన ఓడల పలకల సందులను ఈ తారుతోనే పూడ్పించెను.

త్రవ్విన గోతిలోనికి చుట్టునున్న తారు మెల్లగా జరిగి వచ్చి కొలది దినములలో దానిని పూడ్చివేయును. అయినను ఇది తరుగని గని కాదు. ఏండ్ల తరబడి త్రవ్వుటచే సరస్సు మట్టము దిగిపోయినది. యంత్రములు రాకమునుపు కూలీలు మండుటెండలో గడ్డపారలతో తారు పెళ్లలను పెకలించి తలపై మోసెడివారు.

ఆ దక్షిణ ప్రాంతముననే 1908 నుండి వాణిజ్యమునకై చమురు తీయసాగిరి. సంపద పెరిగెను, కూలి పెరుగలేదు. 1937 జూన్ 19న, మన ఫైజాబాదు పేరు పెట్టుకొన్న ఊరిలో, సభలో మాట్లాడుచున్న కార్మిక నాయకుడు యురియా బట్లర్‌ను పోలీసులు నిర్బంధింపబోగా అలజడి చెలరేగెను. సమ్మె దీవియంతట వ్యాపించెను; పలువురు ప్రాణములు గోల్పోయిరి. ఆ యేడే చమురు కార్మికుల సంఘము వెలసెను. దానికిని, చెరకు కూలీల సంఘమునకును అధ్యక్షుడైనవాడు భారతీయ సంతతి న్యాయవాది ఏడ్రియన్ కోలా రియెంజీ.

1973 నుండి జూన్ 19 ఆ దేశమున కార్మిక దినము. ఒక దేశపు ఖనిజ సంపదను టన్నులలో లెక్కించునపుడు ఇట్టి తేదీలను కూడ చెప్పుకొనుట న్యాయమని మేము తలంతుము.