ఎల్.సి. పుస్తకం నేర్పిన పాఠం
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగం)



‘సమష్టి కృషిలో నమ్మకం’ గురించి మాట్లాడమన్నారు. నేను 33/11 కె.వి. సబ్‌స్టేషన్‌లో ఆపరేటరుగా చేరినవాణ్ణి. నాకు తెలిసిన నమ్మకం ఎల్.సి. పుస్తకంలో ఉంది. పిల్లల కోసం చెబుతున్నాను: ఎల్.సి. అంటే లైన్ క్లియర్. ఆపరేటరు ఫీడరు ఆపి, నంబరు రాసి ఎల్.సి. ఇస్తాడు. తీసుకున్నవారు పని ముగించి తిరిగి అప్పగించేదాకా ఆ ఫీడరుకు కరెంటు ఇవ్వకూడదు. స్తంభం మీది మనిషి ప్రాణం ఆ మాట మీదే ఉంటుంది.

చేరిన కొత్తలో, ఒక వానరాత్రి, ఒక ఫీడరు బదులు మరొకటి ఆపి ఎల్.సి. ఇచ్చేశాను. మీటరు రీడింగు రాస్తుంటే తప్పు తెలిసింది. గుండె ఆగినంత పనయింది. వెంటనే ఆ ఊరి రైసుమిల్లుకు ఫోను చేశాను. దైవం మేలు, లైన్‌మన్‌గారు ఇంకా స్తంభం ఎక్కలేదు.

మర్నాడు ఆయన ముందు తలవంచుకొని నిలబడ్డాను. “గమ్మున సరిచేసి ఊరుకుంటే నాకు తెలిసేది కాదు బాబూ. నోరు విప్పి చెప్పావు. ఇకమీదట నీ మాట మీద ఎక్కుతాను” అన్నారు. ఆ వెంటనే నవ్వి, “అయినా ఎర్తు వెయ్యందే ఎక్కననుకో!” అన్నారు.

నమ్మకమంటే జాగ్రత్త మానుకోవడం కాదు. తప్పు జరిగితే దాచకుండా చెప్పుకోగలగడం. చెప్పినవాణ్ణి చులకన చేయకపోవడం. మా ఇంజనీరుగారు కూడా నన్ను తిట్టలేదు. ప్యానెళ్ల మీద ఫీడర్ల పేర్లు పెద్దక్షరాలతో రాయించారు.

మన సంఘంలోనూ, ఇళ్లలోనూ ఇదే పద్ధతి నడవాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.