వంటయింటి మరమ్మతు - పరికరముల ఎన్నిక

(కోయంబత్తూరులో జరిగిన మన తెలుగు కుటుంబముల సమావేశమున, సంఘ కార్యవర్గ సభ్యులును విద్యుత్ పరికరముల వర్తకులును అగు ఒకరు చేసిన ఉపన్యాసపు పాఠము.)



ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిరి. మన కుటుంబములలో ఈ రెండును తరచుగా ఒకే యేట వచ్చుచున్నవి. పిల్లకు సంబంధము కుదిరినంతనే తాతలనాటి యింటికి సున్నము వేయుట, వంటయింటిని మార్చుట మొదలగును. ఆ తొందరలో అంగడికి పోయి, కంటికి నచ్చినదెల్ల కొని, పెండ్లియప్పుతోపాటు వంటయింటియప్పును కూడ నెత్తికెత్తుకొనుచున్నారు. ఈ విషయమై మాటలాడుమని కార్యదర్శిగారు కోరినపుడు నేను సంతోషముతో అంగీకరించితిని.

మొదట ఒక మాట మనవి చేసికొందును. నేను ఈ వస్తువులను అమ్మి జీవించువాడను. అమ్మువాని మాటను కొంత తరచి చూచియే స్వీకరింపవలెను. నా మాటనైనను అంతే. అందుచే ఏ కంపెనీ వస్తువు కొనవలెనో నేను చెప్పను. ఎట్లు ఎన్నుకొనవలెనో మాత్రమే చెప్పుదును.

చేతిలో లక్ష రూపాయలున్నవనుకొందము. దానిని మూడు భాగములు చేయుడు. గోడలోని తీగలకును, నీటి గొట్టములకును, గట్టునకును ముప్పదియైదు వేలు. పరికరములకు ఏబది వేలు. తక్కిన పదునైదు వేలు ఎవ్వరడిగినను తీయరాదు. గోడ పగులగొట్టిన పిమ్మట లోపల ఏమి బయటపడునో మేస్త్రీకి కూడ తెలియదు. ధరలు ఊరూరికిని మారును గనుక ఈ అంకెలు మార్గము చూపుటకే. కాని వరుస మాత్రము మారరాదు. మొదట గోడ, తరువాత వస్తువు.

ఇది ఏల అనగా, పాత యిండ్లలోని తీగలు ఒక దీపమునకును, ఒక విసనకఱ్ఱకును సరిపడునట్లు వేసినవి. రెండువేల వాట్ల ఇండక్షన్ పొయ్యి 230 వోల్టులపై దాదాపు 8.7 ఆంపియర్ల విద్యుత్తును లాగును. దానిని 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గులో పెట్టినచో ప్లగ్గు కరగును, తీగ కాలును. దానికి 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు, తగిన లావుగల రాగితీగ, సరియైన ఎర్తు ఉండవలెను. తడిచేతులతో పనిచేయు చోటు గనుక 30 మిల్లియాంపియర్ల లీకు కలిగినంతనే విద్యుత్తును ఆపివేయు ఆర్.సి.సి.బి. స్విచ్చిని తప్పక పెట్టించుడు. పది రకముల మెరుగు పలకలకు డబ్బుండి ఈ ఒక్క స్విచ్చికి డబ్బు లేదనుట తగదు. అది ఆడువారి ప్రాణములకు కావలి.

ఇక పరికరముల ఏబది వేలు. రిఫ్రిజిరేటరునకు ఇరువదినాలుగు వేలు, గ్రైండరునకు ఏడు, గ్యాసు పొయ్యికి ఆరు, మిక్సీకి ఐదు, కుక్కరునకు మూడు, ఇండక్షన్ పొయ్యికి మూడు, పొగను బయటికి లాగు ఫ్యానునకు రెండు. పిండి కొద్దీ రొట్టె. ఇందులో ఇదివరకే బాగుగా నడచుచున్న వస్తువున్నచో దానిని మార్చకుడు. తమిళనాడు ప్రభుత్వము 2011లో ప్రారంభించిన పథకము క్రింద ఉచితముగా వచ్చిన మిక్సీ, గ్రైండరు ఇప్పటికిని నడచుచున్న యిండ్లను నేనెరుగుదును. క్రొత్త గోడకు పాత మిక్సీ పొసగదను మాట అంగడివాని మాటయే గాని వంటవారి మాట కాదు.

గ్రైండరు మన ఊరి వస్తువు. 1955లో పి. సభాపతిగారు దీనిని ఇచ్చట రూపొందించిరని చెప్పుదురు. 2005-06లో కోయంబత్తూరు వెట్ గ్రైండరునకు భౌగోళిక గుర్తింపు లభించినది. మిక్సీలోని రేకు మిక్కిలి వేగముగ తిరుగును గనుక పిండి వేడెక్కును. గ్రైండరులోని రాయి మెల్లగా తిరుగును గనుక పిండి చల్లగా ఉండి బాగుగ పొంగును. ప్రతిదినము ఇడ్లీయో దోసెయో చేయు యింటివారు దీనియందు పీనాసితనము చూపరాదు. రాళ్ల సంఖ్యను చూచి మోసపోకుడు. రాయి నునుపు, బెల్టు సులభముగ దొరకుట, గిన్నెను ఎత్తి కడుగుటకు అమ్మగారి చేతికి భారము కాకుండుట, ఈ మూటిని చూడుడు. అంగడిలోనే గిన్నెను ఎత్తి చూడుమని ఇంటి ఇల్లాలిని కోరుడు.

కాని ఈ సలహా అందరికిని ఒకటే కాదు. ఈ పత్రికను చదువు షోలాపురపు సోదరుల యింట జొన్నరొట్టె ముఖ్యము. కోలారు ప్రాంతమున రాగిసంకటి ముఖ్యము. అట్టివారికి పెద్ద గ్రైండరుకన్న మంచి మిక్సీయు, మందమైన పెనమును మేలు. యానాము, గోపాలపురము వంటి సముద్రపుగాలి తగులు చోట్ల రంగుపూసిన ఇనుప తొడుగు త్వరగా త్రుప్పు పట్టును. స్టెయిన్‌లెస్ స్టీలు తొడుగు అడిగి తీసికొనవలెను.

మిక్సీ విషయమున వాట్ల సంఖ్యయే గొప్ప కాదు. పచ్చడికిని, కొబ్బరికిని 500 వాట్లు చాలును. ఎండుమిరప, పసుపు కొమ్ములు ఇంటనే పొడి చేయువారికి 750 వాట్లు కావలెను. ఎంతసేపు నడపవచ్చునో, ఎంతసేపు ఆపవలెనో అడుగున అంటించిన పట్టికలో వ్రాసియుండును. దానిని పాటించినచో మోటారు కాలదు. మోటారు చుట్టు రాగితీగదా, అల్యూమినియముదా అని అడుగుడు. జారు క్రింది కప్లరు కొద్ది రూపాయల వస్తువే. అది ఆ యూరిలో దొరకనిచో ఐదువేల మిక్సీ అటకెక్కును.

గ్యాసు పొయ్యికి అద్దపు పలక అందము. స్టీలు పలక మన్నిక. పెద్ద గిన్నెలతో వండు కుటుంబమునకు స్టీలే మేలు, ధరయు తక్కువ. బర్నరు ఇత్తడిదై యుండవలెను. పొయ్యి క్రొత్తది కొని గ్యాసు గొట్టమును పాతదే ఉంచువారు కలరు. ఇది మిక్కిలి ప్రమాదము. సురక్షా గొట్టమును ఐదేండ్లకొకమారు మార్చవలెను. దాని తేదీ గొట్టము మీదనే అచ్చువేసియుండును.

కుక్కరునకు ఐ.ఎస్.ఐ. గుర్తు లేనిచో ముట్టకుడు. 2020లో వెలువడిన నాణ్యతా ఉత్తరువు ప్రకారము ఈ గుర్తు తప్పనిసరి. 2021 ఫిబ్రవరినుండి అది అమలులోనికి వచ్చినది. అట్టి గుర్తులేని కుక్కరులను అమ్మనిచ్చిరని 2022లో కొన్ని ఆన్‌లైను విక్రయ సంస్థలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ జరిమానా విధించినది. గుర్తుతోపాటు ఉండు లైసెన్సు సంఖ్యను ‘బి.ఐ.ఎస్. కేర్’ అను ఫోను సాధనములో వేసి చూచినచో నిజమైనదియు దొంగదియు తేలిపోవును. మీ పిల్లలు ఈ పనిని నిమిషములో చేసి చూపగలరు.

రిఫ్రిజిరేటరుపై నక్షత్రములు అంటించియుండును. నక్షత్రములకన్న వాని క్రింది అంకెను చూడుడు. ఏడాదికి ఎన్ని యూనిట్లు ఖర్చగునో అచ్చట వ్రాసియుండును. నక్షత్రముల కొలమానము అప్పుడప్పుడు కఠినమగును గనుక చీటీపైనున్న సంవత్సరమును కూడ చూడవలెను. పాత చీటీపైని ఐదు నక్షత్రములు క్రొత్త చీటీపైని ఐదింటితో సమానము కావు. రెండింటి నడుమ ఏడాదికి 60 యూనిట్ల భేదమున్నదనుకొందము. యూనిటు ఆరు రూపాయలైనచో మిగులునది 360 రూపాయలు. ఆ అదనపు నక్షత్రమునకు మూడువేలు ఎక్కువ అడిగినచో ఆ సొమ్ము తిరిగి వచ్చుటకు ఎనిమిదేండ్లు దాటును. వేయి రూపాయలే ఎక్కువైనచో మూడేండ్లలోపున వచ్చును. ఈ లెక్క చీటీ వెనుక వ్రాసికొని కొనుడు.

చిమ్నీని గూర్చి చాలమంది అడుగుదురు. గోడకు బయట ఖాళీస్థలమున్న యింటికి పొగలాగు ఫ్యాను చాలును. గొట్టము లేని చిమ్నీ గాలిని వడగట్టి మరల లోపలికే వదలును. వేడియు, ఆవిరియు ఇంటనే ఉండును.

ఇప్పుడు కంపెనీ పేరు సంగతి. పేరునకు విలువ లేకపోలేదు. కాని ఆ విలువ ఎందువలన కలిగినదో తెలిసికొనవలెను. బొంబాయిలో సత్యప్రకాశ్ మాథుర్‌గారి యింట విదేశీ మిక్సీ చెడిపోగా ఇచ్చట బాగుచేయువారు దొరకలేదు. ఆ యింజనీరుగారు మన వంటకు తగిన మిక్సీని తామే రూపొందించిరి. అదే 1963లో వెలసిన సుమీత్. ఒక తరముపాటు మిక్సీ అనగా సుమీత్ అన్నట్లుండెను. తరువాత ఆ పేరు అంగళ్లలో క్షీణించినది. చెన్నపట్టణపు ప్రీతిని 2011లో ఫిలిప్స్ సంస్థ కొనినది. బటర్‌ఫ్లైలో అధిక వాటాను 2022లో క్రాంప్టన్ సంస్థ కొనినది. ఇందు తప్పేమియు లేదు. వ్యాపారమున చేతులు మారుట సహజము. కాని మా నాయన కొన్న పేరు గనుక నేనును అదే కొందునను వాదము సరిపోదు. పెట్టెమీది పేరు పాతదైనను, దాని వెనుక నేడు ఎవరున్నారు, బాగుచేయుటకు ఎవరు వత్తురు అనునదే ప్రశ్న.

కాబట్టి కొనుటకు ముందు మూడు ప్రశ్నలు అడుగుడు. ఈ కంపెనీ సర్వీసు కేంద్రము మా యూరికి ఎంత దూరము? గాస్కెటు, కప్లరు, బెల్టు వంటి చిన్న భాగములు వేరుగా దొరకునా, వాని ధర ఎంత? గ్యారంటీ మోటారునకా, మొత్తము వస్తువునకా, ఎన్ని యేండ్లు? ఈ మూటికిని సూటిగా జవాబు చెప్పిన అంగడియందు, రెండువందలు ఎక్కువైనను, కొనుడు. తడబడు అంగడిలో ఎంత తగ్గించినను కొనకుడు.

వాయిదాల మాటయు చెప్పవలెను. వడ్డీ లేని వాయిదా అని బోర్డులు పెట్టుదురు. సున్నవడ్డీ యనునది నిజమునకు లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు తెలిపినది. ఇరువదినాలుగు వేల రిఫ్రిజిరేటరును రొక్కమునకు కొన్నచో పదునైదువందలు తగ్గింతురనుకొందము. వాయిదాలకు ఆ తగ్గింపు పోవును. పైగా ఐదువందలు పత్రముల రుసుము. ఈ రెండువేలే వడ్డీ. ఒక్క వస్తువునకైనచో భరింపవచ్చును. నాలుగు వస్తువులకు నాలుగు వాయిదాలు పెట్టుకొన్నచో నెలజీతములో బియ్యమునకు మిగులునదేమో ఆలోచింపుడు. ఒకమారు అన్నియు కొనవలెనను నియమము లేదు. ఈ దీపావళికి పొయ్యి, వచ్చు సంక్రాంతికి గ్రైండరు కొన్నను వంట ఆగదు. వియ్యాలవారు మెచ్చుకొనుట ఒక పూటయే. వాయిదా పండ్రెండు నెలలు.

బిల్లు లేకుండ కొనకుడు. గ్యారంటీ కార్డుపై అంగడి ముద్రయు, తేదీయు వేయించుకొని, ఇంటి దస్తావేజులతోపాటు భద్రపరుపుడు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలైనుండి అమలులో నున్నది. దాని ప్రకారము మీరు కాపురమున్న జిల్లాలోని కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. వస్తువు కొన్న ఊరికి పోనక్కరలేదు. 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యకు ఫోను చేసినచో తెలుగున కూడ మాటలాడవచ్చును. మనవారిలో వృద్ధులగు తల్లులు ఇంట తెలుగు మాత్రమే మాటలాడుచు, బయట సంకోచించి నష్టమును మ్రింగి ఊరకుండుటను నేను అంగడిలో చూచుచున్నాను. ఆ సంకోచము అక్కరలేదు. ఏ రాష్ట్రముననున్నను మన భాషలోనే మన న్యాయమును అడుగవచ్చును.

కడపట ఒక విన్నపము. నా అంగడికి వచ్చు కుటుంబములలో సొమ్ము లెక్కించువారు పురుషులు; వస్తువును వాడువారు స్త్రీలు. మాటలన్నియు పురుషులతోనే జరుగును. వెనుక నిలుచున్న అమ్మకు గట్టు ఎత్తు ఎంత కావలెనో, ఏ చేయి నొప్పియో, వారమునకు ఎన్నిమారులు పిండి రుబ్బునో ఎవరును అడుగరు. ఇకమీదట జాబితాను ఆమెచేత వ్రాయింపుడు. పరిమితిని మీరు చెప్పుడు. ఎన్నికను ఆమెకు విడువుడు. ఇట్లు చేసిన యింటివారు వస్తువును మార్చుటకు మరల నా యొద్దకు వచ్చుట అరుదని నా అనుభవము.

మన సంఘమువారు ఒక చిన్న పుస్తకము తెరువవలెనని కోరుచున్నాను. అందు ప్రతి కుటుంబమును తాము కొన్న వస్తువు, సంవత్సరము, చెడిపోయినపుడు ఎవరు బాగుచేసిరి, ఎంత పట్టినది అను నాలుగు మాటలు వ్రాయవలెను. ఏడాది గడచుసరికి ఏ ప్రకటనకన్నను, ఏ వర్తకుని మాటకన్నను, నా మాటకన్నను కూడ అది నమ్మదగినదగును. అధ్యక్షులవారు అనుమతించినచో మొదటి పుటను ఈ సాయంకాలమే మొదలు పెట్టుదము.