కాంచనబురిలో పేరు లేని కూలీలు

యుద్ధకాలపు థాయిలాండ్ గురించి వచ్చిన పుస్తకాలు ముఖ్యంగా రెండు కథలు చెబుతాయి. ఒకటి బ్యాంకాక్ రాజకీయాలది, రెండోది కాంచనబురి రైలుమార్గానిది. మొదటి కథ చాలావరకు తేటతెల్లమైంది. 1941 డిసెంబరు 8న జపాన్ సేనలు సోంగ్‌ఖ్లా, పట్టానీ తీరాల్లో దిగాయి. కొన్ని గంటల ప్రతిఘటన తరవాత ఫిబున్ సోంగ్‌ఖ్రామ్ ప్రభుత్వం వాటికి దారి ఇచ్చింది. 1942 జనవరి 25న బ్రిటన్, అమెరికాలపై యుద్ధం ప్రకటించింది. వాషింగ్టన్‌లోని థాయ్ రాయబారి సేనీ ప్రమోజ్ ఆ ప్రకటనను అమెరికాకు అందజేయలేదు. దేశంలోపల స్వేచ్ఛా థాయ్ ఉద్యమాన్ని రహస్యంగా నడిపిన రాజప్రతినిధి ప్రీదీ ఫనోమ్యోంగ్, 1945 ఆగస్టు 16న ఆ యుద్ధ ప్రకటన చెల్లదని చాటాడు. చరిత్రకారులు జూడిత్ స్టో, బ్రూస్ రేనాల్డ్స్ ఈ భాగాన్ని వివరంగా రాశారు. ఇక్కడ దానికి కలపవలసింది ఏమీ లేదు.

ఈ స్మారకోపన్యాసం ఏ ఆచార్యుల పేరున ఏర్పాటైందో ఆయన శాసనాలు బోధించేవారు. ఆగ్నేయాసియా ఆయన రంగం కాదు. అయినా గుడికి అఖండదీపం పెట్టించిన దాత బిరుదులను దాటించి, ఆ దీపం నేతి కోసం గొర్రెలను అప్పగించుకున్న బోయల పేర్లను శిష్యులచేత ముందు చదివించేవారు. ఈ గౌరవాన్ని అందుకుంటున్న వక్త ఎంచుకున్న అంశం ఆ చదువులోంచి వచ్చినదే.

రెండో కథ థాయిలాండ్‌లోని నోంగ్ ప్లాడుక్ నుంచి బర్మాలోని తన్బ్యుజాయత్ వరకు సాగిన 415 కిలోమీటర్ల లైనుది. రంగూన్‌కు సముద్రమార్గం ప్రమాదకరంగా మారడంతో, బర్మాలోని తన సేనలకు సరుకులు చేరవేయడానికి జపాన్ దీన్ని వేయించింది. 1942 మధ్యలో మొదలైన పని 1943 అక్టోబరులో ముగిసింది. అరవై వేలకు పైగా మిత్రరాజ్యాల యుద్ధఖైదీలు ఇందులో పనిచేశారు. వారిలో పన్నెండు వేలకు పైగా చనిపోయారు. మలయా, బర్మా, జావా తదితర ప్రాంతాల నుంచి తెచ్చిన ఆసియా కూలీలు సుమారు రెండు లక్షల మంది.

కాంచనబురిలో ఈ చరిత్రను చెప్పే స్థలాలు చాలానే ఉన్నాయి. వాట్ చాయ్ చుంఫోన్ ఆలయంలోని జీత్ మ్యూజియం ఖైదీల వెదురు పాకల నమూనాలో 1977లో వెలసింది. హెల్‌ఫైర్ పాస్ దగ్గర ఆస్ట్రేలియా 1998లో మ్యూజియం తెరిచింది. థాయిలాండ్-బర్మా రైల్వే సెంటర్ 2003 నాటిది. దాని ఎదుటే ఉన్న యుద్ధ శ్మశానంలో దాదాపు ఏడు వేల సమాధులున్నాయి. వాటిలో రెండింటిలో మూడు వందల మంది చితాభస్మం ఉంది. కలరా చెలరేగిన 1943 మే, జూన్ నెలల్లో నీకే అనే శిబిరంలో చనిపోయి, దహనమైన ఖైదీలు వారు. బూడిద కలిసిపోయినా వారి పేర్లు కలిసిపోలేదు. అక్కడి మండపంలో పలకల మీద ఒక్కొక్కటిగా చెక్కి ఉన్నాయి.

అదే వానాకాలంలో, అదే లైను మీద కలరా కూలీల శిబిరాల్లోనూ చెలరేగింది. ఆ మృతులకు అలాంటి మండపం లేదు. దీనికి చరిత్రకారులు సాధారణంగా చెప్పే కారణం ఒకటే: కూలీలు రికార్డులు మిగల్చలేదు, కాబట్టి అంచనాలతోనే సరిపెట్టుకోవాలి. ఈ వాదాన్ని వక్త చాలాకాలంగా ఒప్పుకోవడం లేదు.

ముందుగా ఆ అంచనానే చూడాలి. మరణించిన పౌరులు, అంటే ప్రధానంగా ఈ కూలీలు, ఎనభై వేల నుంచి లక్ష వరకు ఉంటారని కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ చెబుతుంది. ఈ రెండు అంకెల మధ్య తేడా ఇరవై వేలు. చనిపోయిన మొత్తం యుద్ధఖైదీల కన్నా ఈ తేడాలో పడిపోయిన మనుషులే ఎక్కువ. ఇంత పెద్ద తేడాను పాదసూచికలో వదిలేసి ముందుకు సాగడం పరిశోధన అనిపించుకోదు.

ఖైదీల రికార్డులు మాత్రం వాటంతట అవే మిగిలాయా? వారికి అధికారులు, వైద్యులు, పేర్ల పట్టికలు ఉన్నాయి. ప్రాణాలకు తెగించి కాగితాలు దాచారు. యుద్ధం ముగియగానే, 1945 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మాజీ ఖైదీల బృందం ఒకటి లైను పొడవునా తిరిగి పది వేలకు పైగా సమాధులను గుర్తించింది. వెతికినవారు ఉన్నారు గనుకే అవి దొరికాయి. కూలీల కోసం అలాంటి బృందం బయల్దేరలేదు. 1990లో కాంచనబురిలోనే గుట్టలుగా అస్థికలు బయటపడ్డాయంటే, వెతకని చోటు దగ్గరలోనే ఉందన్నమాట.

ఆధారాలు లేవన్న మాటా నిలవదు. 1943లో జపాన్ సైన్యం యుద్ధఖైదీల్లోని వైద్య సిబ్బందిని కే ఫోర్స్, ఎల్ ఫోర్స్ అనే బృందాలుగా కూలీల శిబిరాలకు పంపింది. వారు చూసింది చూసినట్టు రాశారు. మలయాలో కూలీలను ఎలా సమీకరించారో చరిత్రకారిణి నకహర మిచికో పరిశోధించింది. పాల్ క్రాటోస్కా సంపాదకత్వంలో 2006లో ఆరు సంపుటాల పత్రాలు వెలువడ్డాయి. రైలుమార్గం వేసిన జపాన్ సైనికులే 1944లో క్వాయ్ నది వంతెన సమీపంలో కట్టిన స్మారకంపై తమిళ ఫలకం కూడా ఉంది. చనిపోయినవారు ఎవరో కట్టించినవారికి తెలుసు.

ఆ తమిళ ఫలకం దగ్గరే తెలుగువారి సంగతి మొదలవుతుంది. మలయా నుంచి వెళ్ళిన కూలీలు సుమారు 75 వేలని సాధారణంగా చెప్పే లెక్క. వారిలో ఎక్కువమంది తోటకూలీలు. రోజుకు డాలరు కూలి, మూడు నెలల్లో తిరుగు ప్రయాణం అని ఆశపెట్టి కొందరిని, ఉచిత సినిమా అని పిలిచి తలుపులు మూసి కొందరిని రైలెక్కించారు. పుస్తకాలు వీరందరినీ తమిళులనే రాశాయి. తమిళులే అత్యధికులన్నది నిజం. 2023లో వారికోసం కాంచనబురిలో నడుకల్ (స్మారక శిల) నిలిపినవారి శ్రమ ఎంతైనా ప్రశంసనీయం. అయితే మలయా జనాభా లెక్కలు తెలుగువారిని విడిగా లెక్కించాయి. పెరాక్‌లోని బగాన్ దాతో కొబ్బరితోటల్లో తెలుగు కుటుంబాలు గుంపుగా ఉండేవి. యుద్ధం ముగిసిన పదేళ్లకు, 1955లో, మలయా ఆంధ్ర సంఘం ఏర్పడింది. రైలుమార్గం మింగిన వారి పిల్లలు, తమ్ముళ్లు అప్పటికి ఆ తోటల్లోనే ఉన్నారు. వారిని అడిగి రాసుకోవలసిన కాలం అది.

వక్త ఇప్పుడు చేస్తున్న పని ఈ లోటును కొంతైనా పూడ్చడానికే. తోటల చెక్‌రోల్ (కూలీల హాజరు) పుస్తకాల్లో ఇంటిపేర్లు సాధారణంగా ఉండవు. అయినా అప్పలస్వామి, సింహాచలం, అప్పలనరసమ్మ వంటి పేరు కనిపిస్తే ఆ మనిషి విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఉండవచ్చని వెతకడానికి దారి దొరుకుతుంది. ఇంటిపేరు, ఊరు మలేషియాలోని కుటుంబాలు చెప్పగలవు. పెళ్లి సంబంధాలప్పుడు అడిగేది అదే కాబట్టి మూడో తరానికీ అవి గుర్తుంటాయి. పేరు, ఇంటిపేరు, స్వగ్రామం, పనిచేసిన తోట, తీసుకుపోయిన సంవత్సరం, తిరిగివచ్చిందీ లేనిదీ, చెప్పినవారితో ఉన్న చుట్టరికం: ఇలా తయారవుతున్న పట్టికలో ఈ గళ్లుంటాయి. ఒక్కరే చెప్పిన పేరు ఒక గుర్తుతోను, చెక్‌రోల్‌తో సరిపోలిన పేరు మరో గుర్తుతోను నమోదవుతుంది. బగాన్ దాతో తోటల వివరాలు పూర్తయ్యాక పని జొహోర్‌కు, ఆ తరవాత ఉత్తరాంధ్ర పల్లెల్లో మిగిలిన బంధువుల ఇళ్లకు సాగుతుంది.